ప్రకటనలకు అడ్డుకట్ట బ్రౌజర్‌లోనే: నెట్ సెంటర్ నేర్పిన పాఠాలు

ఒంగోలులో చాలా ఏళ్లు నెట్ సెంటర్ నడిపాను. సెల్‌ఫోన్లు వచ్చాక అలాంటి సెంటర్ల అవసరం తీరిపోయి మూసేశాను గానీ, ఆ రోజుల్లో మొదలైన పని ఒకటి ఇంకా నన్ను వదల్లేదు. పేజీ తెరవగానే యాడ్స్ మీద పడిపోతున్నాయని, అసలు విషయం కనబడటం లేదని, ఎక్కడ నొక్కినా ఇంకెక్కడికో పోతోందని మా వీధివాళ్లు ఫోన్లు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. వాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు, పరీక్షలకు దరఖాస్తు చేసే పిల్లలు.

ఇన్నాళ్లు చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. యాడ్స్‌ను ఆపే ఏర్పాటు బ్రౌజర్ లోపలే, ఎవరూ అడక్కుండానే, మొదటి రోజు నుంచే ఉండాలి. దాని అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకే దాన్ని విడిగా వెతికి తెచ్చిపెట్టుకోవడం తెలియదు. ఈ అభిప్రాయానికి ఎలా వచ్చానో, దాంతోపాటు ఏయే జాగ్రత్తలు నేర్చుకున్నానో వరసగా చెబుతాను.

1. బ్రౌజర్ మన పక్షాన నిలబడటం కొత్త సంగతేమీ కాదు.

మా సెంటర్‌లో మొదట్లో ఉన్నవి విండోస్ 98 మెషీన్లు, వాటిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. పదో తరగతి ఫలితం చూసుకుందామని ఒక పిల్లాడు సైట్ తెరిస్తే, దాని మీదొకటి, వెనకొకటి విండోలు పుట్టుకొచ్చేవి. మూసేకొద్దీ కొత్తవి తెరుచుకునేవి. అసలే నత్తనడక కనెక్షన్. ఫలితం కనబడేసరికి వాడిచ్చిన డబ్బులో సగం ఆ విండోలు మూయడానికే అయిపోయేది.

ఆ పాపప్ విండోకు తొలి కోడ్ రాసినవారిగా చెప్పుకొనేది ఈథన్ జుకర్‌మన్‌ను. 1990లలో ఆయన ట్రైపాడ్ అనే వెబ్ సంస్థలో పనిచేసేవారు. ఒక పెద్ద కార్ల కంపెనీ తన ప్రకటన అశ్లీల విషయమున్న పేజీ మీద వచ్చిందని గగ్గోలు పెడితే, ప్రకటనను పేజీ నుంచి విడదీసి వేరే విండోలో చూపించడం వాళ్లకు తోచిన ఉపాయం. 2014లో అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి, అలా చేసినందుకు ఆయన క్షమాపణ చెప్పారు.

ఆ విండోలను ఆపింది ఎవరు? బ్రౌజర్లే. ఒపేరా, మొజిల్లా ముందే దారి చూపాయి. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు పాపప్ బ్లాకర్ వచ్చింది. అదే ఏడాది నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 1.0లో అది మొదటి నుంచే ఉంది. అప్పటికి ఎక్స్‌పీకి మారిన మా సెంటర్ మెషీన్లన్నిటికీ ఆ సర్వీస్ ప్యాక్ ఎక్కించిన వారం నుంచి పిల్లల ముఖాలే మారిపోయాయి.

అందుకే, బ్రౌజర్‌లో యాడ్‌బ్లాకర్ పెడితే సైట్ల కడుపు కొట్టినట్టే అని ఎవరైనా అంటే, ఈ పని మొదలై ఇరవై ఏళ్లు దాటిందని గుర్తుచేస్తాను. అప్పుడు బయట పుట్టిన విండోను ఆపాం. ఇప్పుడదే పేజీ లోపలికి వచ్చి, తెరంతా కప్పేసి, మూల కనబడీ కనబడని ఇంటూ గుర్తు పెట్టుకుని కూర్చుంది. విండో చోటు మార్చిందని బ్రౌజర్ బాధ్యత మారుతుందా?

2. ఆపేది యంత్రమే, కానీ దేన్ని ఆపాలో రాసేది మనుషులు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మీరు ఒక వార్త తెరిచినప్పుడు ఆ పేజీ ఒక్కచోటు నుంచి రాదు. అక్షరాలు పత్రిక కంప్యూటర్ నుంచి వస్తాయి. యాడ్స్, మీరెవరో కనిపెట్టే ట్రాకర్లు వేరే కంపెనీల కంప్యూటర్ల నుంచి వస్తాయి. ఒక్కో ముక్క కోసం బ్రౌజర్ ఒక్కో అభ్యర్థన పంపాలి. బ్లాకర్ ఉంటే, అభ్యర్థన బయటికి వెళ్లేముందే ఆ చిరునామా తన జాబితాలో ఉందేమో చూస్తుంది. ఉంటే అసలు అడగనే అడగదు. అంటే యాడ్ వచ్చాక దాచిపెట్టడం కాదు, రానివ్వకపోవడం. డేటా మిగిలేదీ, పేజీ త్వరగా తెరుచుకునేదీ అందుకే. యాడ్ రాక ఖాళీగా మిగిలిన డబ్బాలను కనబడకుండా చేసే నియమాలు విడిగా ఉంటాయి.

2002లో హెన్రిక్ సోరెన్సెన్ అనే డెన్మార్క్ విద్యార్థి, తర్వాత ఫైర్‌ఫాక్స్‌గా మారిన బ్రౌజర్ కోసం యాడ్‌బ్లాక్ రాశాడు. కానీ అప్పట్లో ఏం ఆపాలో ఎవరికి వారే రాసుకోవాలి. ఆ భారం తీర్చింది రిక్ పెట్నెల్ 2005 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈజీలిస్ట్. 2009లో ఆయన చనిపోయారు. వేరేవాళ్లు అందుకుని ఇప్పటికీ నడుపుతున్నారు. ఒపేరా, బ్రేవ్, వివాల్డి బ్రౌజర్లు యాడ్స్ ఆపేది చాలావరకు ఈ జాబితా ఆసరాతోనే. మన దేశ భాషల సైట్ల కోసం ఇండియన్‌లిస్ట్ అని ఇంకొకటి ఉంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రాంతీయ జాబితాలు కనబడితే దాన్ని ఆన్ చేయండి. తెలుగు సైట్లు ఎక్కువగా చదివేవారికి తేడా తెలుస్తుంది.

ఎక్కడో ఎవరో ఓపికగా కూర్చుని, ఒక్కో లైను రాసి, తప్పొస్తే దిద్ది, మన కంటికి ఇంత శాంతినిస్తున్నారు. ఏదైనా యాడ్ జాబితాను దాటుకుని వస్తే విసుక్కోవడం మాని వాళ్లకు తెలియజేయండి. మన భాష సైట్ల గురించి మనం చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

3. కంప్యూటర్ సలహా ఫోన్‌కు పనికిరాదు.

కంప్యూటర్‌లో అయితే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాం, వేసుకోమంటే సరిపోతుంది. మన ఊళ్లలో ఇంటర్నెట్ అంటే ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్‌తోపాటు వచ్చే క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలే లేదు. ఈ ఒక్క కారణం చాలు, బ్లాకర్ బ్రౌజర్‌లోనే ఉండాలని చెప్పడానికి.

2016 ఈ విషయంలో ముఖ్యమైన ఏడాది. జనవరిలో బ్రెండన్ ఐక్, బ్రయన్ బాండీ తమ బ్రేవ్ బ్రౌజర్‌ను ప్రకటించారు. యాడ్స్‌నూ ట్రాకర్లనూ ఆపడమే దాని మూలసూత్రం. ఐక్ అంటే జావాస్క్రిప్ట్ సృష్టించిన మనిషి, మొజిల్లా స్థాపకుల్లో ఒకరు. అదే ఏడాది ఒపేరా తన బ్రౌజర్‌లోనే బ్లాకర్ పెట్టింది. ఒపేరా మినీలోనూ పెట్టింది. వివాల్డి 2020లో పెట్టింది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ సంగతి వేరు. అందులో బ్లాకర్ ముందే ఉండదు గానీ, రేమండ్ హిల్ తయారుచేసిన యూబ్లాక్ ఆరిజిన్‌ను చేర్చుకోవచ్చు. ఐఫోన్‌లో 2015 నుంచి సఫారీకి కంటెంట్ బ్లాకర్ యాప్‌లు పెట్టుకోవచ్చు.

2016 సెప్టెంబరులో జియో రాకముందు డేటాను చిల్లర డబ్బులా లెక్కపెట్టి వాడేవాళ్లం. అప్పుడు ఒపేరా మినీ, యూసీ బ్రౌజర్లను జనం ఎందుకు ఎగబడి వాడారో ఇప్పటి పిల్లలకు తెలియదు. పేజీని కుదించి పంపేవి. యూసీ అయితే యాడ్స్ కూడా ఆపేది. యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్‌లో కేంద్రం మిగతా చైనా యాప్‌లతో కలిపి నిషేధించింది. దాంతో చాలామంది ఏ అడ్డుకట్టా లేని బ్రౌజర్‌లోకి మారిపోయారు. వాళ్లలో కొందరిని ఇప్పటికీ చూస్తుంటాను. యాడ్స్ ఆపవచ్చనే సంగతే మరిచిపోయారు.

4. ఉచితంగా దొరికిన ఎక్స్‌టెన్షన్‌ను వెంటనే నమ్మకండి.

పేజీలో ఏముందో చదవకుండా యాడ్‌బ్లాకర్ పూర్తిగా పనిచేయలేదు. అంటే మీరు తెరిచే ప్రతి పేజీనీ చూసే అనుమతి దానికి ఇచ్చినట్టే. బ్యాంకు పేజీ కూడా అందులో ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో క్రోమ్ స్టోర్‌లో యాడ్‌బ్లాకర్ల పేరు పెట్టుకున్న నకిలీ ఎక్స్‌టెన్షన్లు బయటపడ్డాయి. అన్నీ కలిపి 2 కోట్ల ఇన్‌స్టాళ్లు. సంగతి బయటికొచ్చాక గూగుల్ వాటిని తీసేసింది. 2020లో నానో యాడ్‌బ్లాకర్ అనే మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్‌ను దాని రచయిత ఇంకొకరికి అప్పగించారు. కొత్తవాళ్లు అందులో హానికర కోడ్ కలిపారు. వాడేవాళ్లు ఏమీ చేయలేదు. వాళ్ల వైపు ఏ తప్పూ లేదు. రాత్రికి రాత్రి యజమాని మారాడు, అంతే.

బ్లాకర్ బ్రౌజర్ లోపలే ఉంటే నమ్మాల్సినవాళ్ల సంఖ్య ఒకటి తగ్గుతుంది. బ్రౌజర్‌ను ఎలాగూ నమ్మక తప్పదు కదా.

5. బ్రౌజర్ చేసినవాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అడగండి.

కాపలాదారుకు జీతం ఎవరిస్తున్నారో తెలుసుకోకుండా ఇంటి తాళాలు ఇవ్వం. బ్రౌజర్ విషయంలోనూ ఇదే నా మొదటి ప్రశ్న.

క్రోమ్‌లో కూడా యాడ్‌బ్లాకర్ ఉందని చెబితే చాలామంది నమ్మరు. ఉంది. 2018 ఫిబ్రవరి 15న మొదలై, 2019 జులై నుంచి ప్రపంచమంతటా అమలైంది. కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ అనే కూటమి కొన్ని రకాల యాడ్స్‌ను మరీ చిరాకు పుట్టించేవిగా లెక్కగట్టింది. కంప్యూటర్‌కు నాలుగు రకాలు, ఫోన్‌కు ఎనిమిది. పాపప్‌లు, శబ్దంతో వాటంతటవే మొదలయ్యే వీడియోలు, లెక్క పూర్తయ్యేదాకా పేజీ చూపించనివి, ఫోన్ పేజీలో 30 శాతానికి మించి చోటు ఆక్రమించేవి, ఇలా. వాటిని పదేపదే చూపించే సైట్‌లో క్రోమ్ యాడ్స్ ఆపేస్తుంది. హద్దు మీరని సైట్‌లో మామూలుగా ఏదీ ఆపదు. ఆ భయంతో చాలా సైట్లు తమంతట తాము సర్దుకున్నాయి, ఆ మేలు నేను కాదనను. అయితే గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో దాదాపు ముప్పాతిక ప్రకటనలదే. అలాంటి సంస్థ చేసిన బ్రౌజర్ మిమ్మల్ని వెంటాడే యాడ్స్‌ను మొత్తంగా ఆపుతుందని ఎదురుచూడకండి. ఆ పని దానికి లాభం కాదు.

తర్వాత జరిగినది ఇంకా ముఖ్యం. మేనిఫెస్ట్ వీ3 పేరుతో ఎక్స్‌టెన్షన్ల నియమాలను గూగుల్ మార్చింది. పాత పద్ధతిలో ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షనే చూసి, ఆపాలో వద్దో అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో అది ముందే నియమాల పట్టీ ఇస్తుంది, తేల్చేది బ్రౌజర్. భద్రత కోసమని గూగుల్ చెప్పిన కారణంలో నిజం ఉంది. పైన చెప్పిన నకిలీల కథ చూశారుగా. కానీ 2024 నుంచి పాత ఎక్స్‌టెన్షన్లను క్రోమ్‌లో దశలవారీగా ఆపేయడంతో యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ నిలవలేకపోయింది. శక్తి తగ్గించిన లైట్ రూపం మాత్రమే మిగిలింది. బ్రేవ్, వివాల్డి, ఒపేరా కూడా క్రోమ్ పునాది క్రోమియం మీదే కట్టినవి. అయినా వాటి లోపలి బ్లాకర్లకు ఈ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే అవి ఎక్స్‌టెన్షన్లు కావు. లోపల ఉండటానికీ బయటినుంచి తగిలించడానికీ ఉన్న తేడా నాకు ఇక్కడే పూర్తిగా అర్థమైంది.

అలాగని బ్లాకర్లు చేసేవాళ్లందరూ నిష్కామ సేవకులు కారు. యాడ్‌బ్లాక్ ప్లస్ అనే ఎక్స్‌టెన్షన్ 2011 నుంచి ‘ఆమోదయోగ్యమైన యాడ్స్’ పేరిట కొన్నిటిని వదిలేస్తోంది. అందుకు పెద్ద కంపెనీల నుంచి డబ్బు తీసుకుంటుంది. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో తీసేయవచ్చు. బ్రేవ్ ఇతరుల యాడ్స్ ఆపుతూ, తన సొంత యాడ్స్ చూపిస్తుంది. 2020 జూన్‌లో ఒక క్రిప్టో ఎక్స్చేంజ్ చిరునామా టైప్ చేస్తే, బ్రేవ్ తన కమీషన్ లింకును దానికి జోడిస్తోందని బయటపడింది. ఐక్ అది తప్పేనని ఒప్పుకుని సరిచేశారు. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం తన బ్రౌజర్‌లో సెర్చ్ ఇంజిన్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చేదే. కాబట్టి నిందలేని బ్రౌజర్ కోసం వెతక్కండి. దాని డబ్బు దారి తెలిసి, తప్పు చేసినప్పుడు బయటపడి, దిద్దుకునేదాన్ని ఎంచుకోండి. నేను అలాగే ఎంచుకున్నాను.

6. ఇది కళ్ల సుఖం కోసం కాదు, డబ్బు కాపాడుకోవడం కోసం.

మా వీధిలో ఒక రిటైర్డ్ టీచర్ గారున్నారు. మనవడికి పంపిన పార్సిల్ చేరలేదని, కొరియర్ వాళ్ల కస్టమర్ కేర్ నంబరు కోసం ఫోన్‌లో వెతికారు. అన్నిటికంటే పైన కనబడిన నంబరుకు ఫోన్ చేశారు. అది సెర్చ్‌లో డబ్బు కట్టి పెట్టించుకున్న మోసగాళ్ల యాడ్. “అమ్మా, ఈ చిన్న యాప్ వేసుకోండి, మేమే చూసి సరిచేస్తాం” అన్నారట. ఆ యాప్‌తో ఆమె తెరంతా వాళ్లకు కనబడింది. పింఛను ఖాతాలో ఉన్నదంతా పోయింది. సబ్జెక్టులో గట్టివారు, ఊళ్లో పేరున్నవారు. అమాయకత్వం వల్ల జరిగింది కాదు. పైన ఉన్నదే అసలైనదని ఎవరమైనా అనుకుంటాం. “మాస్టారూ, చదువుకున్నదాన్ని, ఇలా అయిందేమిటి?” అని ఆమె అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ రకం మోసం గురించి 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. సెర్చ్ యాడ్స్‌లో దొంగలు అసలు కంపెనీల వేషం కడుతున్నారని చెబుతూ, వెతికేటప్పుడు యాడ్‌బ్లాకర్ వాడమని సలహా ఇచ్చింది. పోలీసు సంస్థే ఆ మాట చెప్పిందంటే, ఇక దీన్ని పిసినారితనమని ఎవరంటారు? పెద్ద సైట్‌లే కదా, భయమేముందనుకోవడానికీ లేదు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్ల మీద కనబడిన యాడ్స్ ద్వారానే వైరస్‌లు పాకాయి. ఆ పత్రికల తప్పు కాదు. యాడ్ స్థలాన్ని వేలంలో కొనుక్కునేది ఎవరో వాళ్లకే తెలియదు.

ఇక్కడొక సంగతి గమనించండి. కొన్ని బ్రౌజర్లలో బ్లాకర్ మామూలు స్థాయిలో ఉంటే, సెర్చ్ సైట్ తానే చూపించే యాడ్స్‌ను వదిలేస్తుంది. బ్రేవ్‌లో అయితే షీల్డ్స్ అనే దాని బ్లాకర్‌ను ‘అగ్రెసివ్’ స్థాయికి మార్చాలి. పెద్దవాళ్ల ఫోన్లలో నేను తప్పనిసరిగా మారుస్తాను. అప్పటికీ మామూలు ఫలితాల్లో దూరిన దొంగ సైట్‌నూ, యాప్‌ల లోపలి యాడ్స్‌నూ, వాట్సాప్‌లో వచ్చే లింకునూ బ్రౌజర్ బ్లాకర్ ఆపలేదు. కస్టమర్ కేర్ నంబరును బిల్లు మీదో, కార్డు వెనకో, కంపెనీ సొంత యాప్‌లోనో చూసుకోమని చెప్పడం నేను మానలేదు.

7. డౌన్‌లోడ్ అని రాసున్నవన్నీ డౌన్‌లోడ్ బటన్లు కావు.

హాల్‌టికెట్ పేజీల్లో పెద్ద పచ్చ బటన్ యాడ్, చిన్న నీలం అక్షరాలు అసలైన లింకు. ఈ వేషాన్ని మా సెంటర్ రోజుల నుంచీ చూస్తున్నాను. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులున్నాయి. మారువేషంలో ఉండే ప్రకటన వాటిలో ఒకటి. నియమం వచ్చింది, సంతోషం. అమలయ్యేదాకా బ్లాకర్ ఉంచుకోండి.

8. పని ఆగిపోతే ఆ ఒక్క సైట్‌కే తీసేయండి.

ఫీజు కట్టే పేజీ కదలకపోయినా, ఓటీపీ విండో తెరుచుకోకపోయినా, దరఖాస్తులో ఫొటో ఎక్కకపోయినా మొదట చిరునామా పక్కనున్న గుర్తు నొక్కండి. బ్రేవ్‌లో సింహం బొమ్మ, చాలా బ్రౌజర్లలో డాలు బొమ్మ. అక్కడ ఆ సైట్ వరకే బ్లాకర్ ఆపవచ్చు. కోపంతో మొత్తం తీసేసి, తర్వాత మళ్లీ పెట్టడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

9. చదివినదానికి వెల ఇవ్వండి.

ఈ మాట చెప్పకుండా పై మాటలన్నీ చెప్పడం న్యాయం కాదు. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్ మీద తొలి బ్యానర్ యాడ్ కనబడిన నాటి నుంచి వెబ్‌లో రాతకు తిండి పెట్టింది ఎక్కువగా ప్రకటనలే. 2018 ఏప్రిల్‌లో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం యాక్సెల్ స్ప్రింగర్ పత్రికా సంస్థ వేసిన కేసులో, యాడ్ బ్లాక్ చేయడం అన్యాయమైన పోటీ కాదని తీర్పిచ్చింది. ఆ తీర్పు అంతవరకు మన వైపే ఉంది. కానీ విలేఖరి జీతం ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న తీర్పుతో తీరదు.

నా పద్ధతి ఇది. రోజూ చదివే పత్రికకు చందా కడతాను. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఒక్క ప్రకటన లేకుండా నడుస్తోంది, వికీమీడియా విరాళం అడిగినప్పుడు ఇస్తాను. 1998లో మొదలైన వెబ్ పత్రిక ‘ఈమాట’ వ్యాపారం కోసం కాక సాహిత్యం మీద ప్రేమతో నడుస్తోంది. అక్కడ మంచి కథ చదివితే కింద అభిప్రాయం రాస్తాను. రాసినవారికి అదీ ఒక వెలే. చిన్న సైట్ ఏదైనా తెర కప్పకుండా, వెంటాడకుండా, ఒక మూల మర్యాదగా ప్రకటన పెట్టుకుంటే, ఆ సైట్‌కు బ్లాకర్ తీసేస్తాను. మర్యాదకు మర్యాద.

యాడ్స్ ఆపుకుని, చందా కట్టకుండా, పత్రికలు చెడిపోయాయని తిట్టేవాళ్లు నాకు నచ్చరు.

10. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు మీ బాధ్యత.

ఉద్యోగాలకని హైదరాబాదుకో, బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లిన పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ లాప్‌టాప్‌లో బ్లాకర్ ఎప్పటి నుంచో ఉంది. అమ్మ ఫోన్‌లో లేదు. ఆమెకు కొత్త ఫోన్ కొనిచ్చి పంపుతారు గానీ, అందులో ముందే ఉన్న బ్రౌజర్‌ను మార్చరు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఒక పావుగంట కూర్చోండి. బ్లాకర్ లోపలే ఉన్న బ్రౌజర్ పెట్టి, దాన్నే డిఫాల్ట్ చేయండి. లేకపోతే వాట్సాప్‌లో నొక్కిన లింకు మళ్లీ పాత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పాత బ్రౌజర్ గుర్తును ముందు తెర మీద నుంచి తీసేయండి. నోటిఫికేషన్లు పంపుతామని అడిగే సైట్లన్నిటికీ అనుమతి ఆపేయండి. తెలియక ‘అలౌ’ నొక్కితే, బ్లాకర్ ఉన్నా ఫోన్ మీద యాడ్స్ మోగుతూనే ఉంటాయి. చేసిందేమిటో ఆమెకు వివరంగా చెప్పండి, విసుక్కోకుండా. చివరగా 1930 అనే నంబరును ఆమె ఫోన్‌లో పేరు పెట్టి దాచండి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు చేయాల్సిన జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా ఫోన్ చేస్తే, పోయిన డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.